ఫఫూంది పట్టిన షీషాకు ఇలాజ్ ఉందా?

మన ఇళ్లలో చాలా అల్మారాల్లో ఒక పాత కెమెరా ఉంటుంది. జెద్దా నుంచో దుబాయ్ నుంచో అబ్బాజాన్ తెచ్చిన యాషికా. ఏళ్లకేళ్లు తోలు కవర్లోనే పడి ఉంటుంది. ఎప్పుడో తీసి చూస్తే లెన్సు లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు. "ఖరాబైపోయింది, కబాడీకి వేసేయ్" అనేస్తాం. ఆ ఫైసలా తొందరపాటని నేనంటాను. ఎందుకో చెప్పాలంటే ఒక జంగ్ సంగతి చెప్పాలి.

రెండో ప్రపంచయుద్ధంలో న్యూగినీ అడవుల్లో జపాన్ ఫౌజ్‌తో పోరాడిన ఆస్ట్రేలియా సిపాయిలకు ఇంకో దుష్మన్ కూడా ఎదురైంది. వానలు, ఉక్క, నమీ. బైనాక్యులర్ల అద్దాలకు ఫఫూంది పట్టి చూపు మసకబారేది. ఎదుటివాడు కనబడకపోతే జాన్‌కే ఖత్రా. ఈ మర్జ్ మూలం వెతికినవాళ్లలో మెల్‌బోర్న్ యూనివర్సిటీ వృక్షశాస్త్ర ప్రొఫెసర్ జాన్ టర్నర్, ఫఫూంది ఇల్మ్‌లో మాహిర్ అయిన ఎథెల్ మెక్‌లెనన్ అనే ఖాతూన్ ఉన్నారు. మెర్థియోలేట్ అనే పాదరసపు మందు పరికరాల లోపల ఉంటే ఫఫూంది ఆగుతుందని వాళ్లు తేల్చారు. ఆ తజుర్బా 1946లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. పాదరసం జహర్, ఇళ్లలో వాడే మందు కాదు. మనకు కావలసింది ఆ కథలోని సబక్: ఫఫూందికి అసలు ఇలాజ్ అది పుట్టకుండా చూడడమే.

గాజు దాని ఖురాక్ కాదు. దుమ్ము, వేళ్ల జిడ్డు, తోలు మీది మురికి చాలు. గాలి ఆడని చోట నమీ ఎక్కువ రోజులు నిలిస్తే మొలకెత్తుతుంది. పెరుగుతూ ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లం ముందు లెన్సు మీది పల్చటి పూతను కొరుకుతుంది. కాంతి వృథాగా వెనక్కి తిరిగిపోకుండా ఆపే ఈ పూతను 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా తయారుచేశాడు. పూత తర్వాత గాజు వంతు.

కాబట్టి జవాబు మర్జ్ వయసును బట్టి ఉంటుంది. పోగులు పైపైనే ఉంటే మంచి కారీగర్ లెన్సు విప్పి తుడిస్తే పోతాయి. గాజు మీద చెక్కినట్టు మచ్చలు పడితే ఫఫూంది చచ్చినా నిషాన్లు పోవు. అయినా ఒకటి రెండు మచ్చలు తస్వీర్‌లో కనబడవు. ఎదురుగా సూర్యుడు ఉంటేనే బొమ్మ వెలిసినట్టు వస్తుంది. రెండు గాజులను అతికించిన జిగురు మధ్యలోకి పాకితే మాత్రం ఇలాజ్ కష్టం, ఖర్చు కూడా ఎక్కువ.

ఈ రోజే తీసి చూడండి. లెన్సు వెనక నుంచి టార్చ్ వేస్తే అంతా తెలిసిపోతుంది. తోలు కవర్ వేరు చేయండి. గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. అప్పుడప్పుడు బయటికి తీసి వాడండి. మన పెళ్లిళ్లను, ఈదులను, ఇప్పుడు లేని బుజుర్గుల ముఖాలను చూసిన కన్ను అది. మనకు దక్కిన అమానత్. హిఫాజత్ మన జిమ్మా.