పత్రిక చెబితే ఓటు పడుతుందా?

పత్రిక రాసింది నచ్చక చందా మానేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. రాయలేదన్న కోపంతో మానేసేవాళ్లు అరుదు. 2024 అక్టోబరు 25న, అమెరికా అధ్యక్ష ఎన్నికకు పదకొండు రోజుల ముందు, ఇకమీదట ఏ అధ్యక్ష అభ్యర్థికీ మద్దతు ప్రకటించబోమని వాషింగ్టన్ పోస్ట్ చెప్పింది. కమలా హారిస్‌ను సమర్థిస్తూ సిద్ధం చేసుకున్న సంపాదకీయం అచ్చుకాలేదు. కొద్ది రోజుల్లోనే రెండున్నర లక్షల మంది చందాలు రద్దు చేసుకున్నారని వార్తలొచ్చాయి. ఆ వారంలోనే లాస్ ఏంజిలిస్ టైమ్స్ యజమాని కూడా ఇలాంటి సంపాదకీయానికి అడ్డుపడితే, సంపాదకీయ పుట చూసే ఎడిటర్ రాజీనామా చేశారు.

ఒక్క సంపాదకీయానికి ఇంత పట్టింపు ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ దేశం తొలినాళ్లకు వెళ్లాలి. అప్పట్లో పత్రిక పార్టీకి మద్దతు ఇవ్వడమన్న మాటే లేదు. పత్రికే పార్టీ గొంతు. 1789లో మొదలైన గెజెట్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్‌కు ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ అండ. దానికి పోటీగా 1791లో కవి ఫిలిప్ ఫ్రెనో నేషనల్ గెజెట్ పెట్టాడు. విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్ ఆయనకు తన శాఖలోనే ఏడాదికి 250 డాలర్ల జీతం మీద అనువాదకుడి కొలువు ఇచ్చాడు. ఇద్దరు మంత్రులూ కూర్చునేది జార్జి వాషింగ్టన్ మంత్రివర్గంలోనే, కొట్టుకునేది చెరో పత్రికలో. తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వ ముద్రణ పనులు అధికారంలో ఉన్న పార్టీ పత్రికలకే దక్కేవి. అలాంటి పత్రిక తన నాయకుణ్ణి పొగిడితే అందులో వింతేముంది?

1833లో న్యూయార్క్ సన్ ఒక్క సెంటుకే బజారులోకి వచ్చింది. వ్యాపార ప్రకటనలతో, వీధి అమ్మకాలతో బతికే పత్రికకు పార్టీ సొమ్ముతో పనిలేదు. అలాంటి పత్రికలు పెరిగేకొద్దీ మద్దతు మాటకు విలువ పెరిగింది. 1851లో పుట్టిన న్యూయార్క్ టైమ్స్ 1860లో అబ్రహాం లింకన్‌ను బలపరిచింది. అదే ఏడాది చికాగో ట్రిబ్యూన్‌కు చెందిన జోసెఫ్ మెడిల్ లింకన్‌ను రిపబ్లికన్ అభ్యర్థిగా నిలబెట్టడానికి గట్టిగా పనిచేశాడు. ఎన్నికలకు ముందు పత్రిక తన మనసులో మాట చెప్పడం అక్కణ్ణుంచి ఆచారంగా స్థిరపడింది.

మాట చెప్పడం వేరు, చెల్లడం వేరు. 1936 అధ్యక్ష ఎన్నికలో ఎక్కువ పత్రికలు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను వ్యతిరేకిస్తే, ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. 1948లోనూ పత్రికల మొగ్గు థామస్ డ్యూయీ వైపే; గెలిచింది హ్యారీ ట్రూమన్. ఫలితం తేలకముందే డ్యూయీ గెలిచాడని పతాక శీర్షిక వేసిన చికాగో ట్రిబ్యూన్‌ను ట్రూమన్ నవ్వుతూ ఎత్తి చూపిన ఫొటో లోకప్రసిద్ధం. 2016లో దేశంలోని వంద పెద్ద పత్రికల్లో 57 హిల్లరీ క్లింటన్ పక్షాన, రెండే డొనాల్డ్ ట్రంప్ పక్షాన నిలిచాయి. అధ్యక్షుడైంది ట్రంపే.

అంతమాత్రాన మద్దతుకు బలమే లేదనలేం. చున్-ఫాంగ్ చియాంగ్, బ్రయన్ నైట్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఒక సంగతి తేలింది: ఎప్పుడూ ఒకే పార్టీని మోసే పత్రిక మాటను పాఠకులు ముందే తూచేసి పక్కన పెడతారు, ఊహించని వైపు నుంచి వచ్చిన మాటకు చెవి ఒగ్గుతారు. 2008లో చికాగో ట్రిబ్యూన్ తన చరిత్రలో తొలిసారి ఒక డెమొక్రాట్‌ను, బరాక్ ఒబామాను, అధ్యక్ష పదవికి బలపరిచినప్పుడు అది దేశమంతటా వార్త అయింది.

మన దగ్గర ఫలానావారికి ఓటేయమని సంపాదకీయంలో బాహాటంగా రాసే ఆచారం లేదు. పత్రిక ఎటు మొగ్గిందో వార్తల్లోనే తెలిసిపోతుంది. 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ పర్యటనలకు ఈనాడు ఇచ్చిన చోటు చూసినవాళ్లకు వేరే ప్రకటన అక్కర్లేకపోయింది. అమెరికా పద్ధతిలో ఉన్న మేలు ఇక్కడే కనిపిస్తుంది. పేరున్న పత్రికల్లో వార్తలు రాసే విభాగం వేరు, సంపాదకీయ మండలి వేరు. ఆ మండలి అభ్యర్థులను పిలిచి ప్రశ్నలడుగుతుంది. తన నిర్ణయానికి కారణాలు అచ్చులో పెడుతుంది. పాఠకుడు వాటితో ఏకీభవించవచ్చు, కొట్టిపారేయవచ్చు.

ఆ కారణాలు నిజంగా అక్కరకొచ్చేది అధ్యక్ష ఎన్నికలో కాదు. ట్రంప్ ఎవరో, హారిస్ ఎవరో సంపాదకీయం చదివి తెలుసుకోవాల్సినవాళ్లు లేరు. అమెరికాలో చాలాచోట్ల ఓటరు జడ్జిలను, స్కూలు బోర్డు సభ్యులను, కౌంటీ పదవులకు పోటీపడేవాళ్లను కూడా ఎన్నుకోవాలి. అక్కడ పౌరసత్వం తీసుకుని తొలిసారి ఓటేసే తెలుగువాళ్లకు ఆ పొడవాటి బ్యాలెట్‌లో సగం పేర్లు కొత్తవే. కొన్ని పోటీల్లో పేరు పక్కన పార్టీ కూడా ఉండదు. అభ్యర్థులతో ముఖాముఖి మాట్లాడి వచ్చిన ఊరి పత్రిక మాటే అక్కడ ఆధారం.

2022లో ఆల్డెన్ గ్లోబల్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ చేతిలోని పత్రికలు అధ్యక్షుడు, గవర్నర్, సెనేటర్ వంటి పెద్ద పదవులకు మద్దతు మానేసి, స్థానిక పోటీలకు మాత్రం కొనసాగిస్తామన్నాయి. న్యూయార్క్ టైమ్స్ 2024 ఆగస్టులో దీనికి సరిగ్గా తలకిందుల పని చేసింది: న్యూయార్క్ స్థానిక పోటీలకు మద్దతు ఆపేసి, అధ్యక్ష పదవికి అట్టేపెట్టుకుంది. పేరుప్రతిష్ఠల మాట ఎలా ఉన్నా, ఓటరుకు పనికొచ్చే లెక్కలో మొదటిదే మేలైన బేరం.