సికింద్రాబాద్ నుంచి బొకారో దాకా: గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్

స్వర్ణోత్సవ సంచికకు మన ఊరి ఆటల చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగారు. జంటనగరాల ఆటలు అనగానే ఇప్పటి పిల్లలకు క్రికెట్, బ్యాడ్మింటన్ గుర్తుకొస్తాయి. 1950లలో మాత్రం దేశానికంతటికీ ఇది ఫుట్‌బాల్ ఊరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్‌ను 1950, 1954, 1957లలో ఇంటికి తెచ్చింది. కలకత్తా క్లబ్బులు ఇక్కడి ఆటగాళ్ళను వెతుక్కుంటూ వచ్చేవి.

ఆ తరంలో రాయదగిన పేర్లు చాలా ఉన్నాయి. నేను పీటర్ తంగరాజ్‌ను ఎంచుకోవడానికి కారణాలు రెండు. ఆయన గోల్‌కీపర్. మన బడి జట్టులో మూడేళ్ళపాటు ఆ పని నేనూ చేశాను. రెండో కారణం, ఆట చాలించాక ఆయన పిల్లలకు ఆట నేర్పే పని పట్టుకున్నారు. గోల్‌కీపర్ తంగరాజ్ గురించి పాతతరం వాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. కోచ్ తంగరాజ్ సంగతి మన ఊళ్ళో తెలిసినవాళ్ళు తక్కువ.

బాల్యం, పట్టాళం

తంగరాజ్ 1935 డిసెంబర్ 24న హైదరాబాద్‌లో పుట్టారు. పేరు చూసి తమిళనాడు ఆటగాడనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు. మద్రాసు పటాలాలతో పాటు వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఆ వీధుల్లో ఎన్నో ఉన్నాయి. ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టిన తులసీదాస్ బలరాం కూడా సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ వాడే. పటాలం వాళ్ళ ఆట చూస్తూ, వాళ్ళు వదిలేసిన బంతులతో ఆడుతూ ఆ పేటల పిల్లలు పెరిగారు.

తంగరాజ్ మొదట సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులకు ఆడారు. 1953లో సైన్యంలో చేరి, నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్ళారు. అక్కడ ఆయన మొదట సెంటర్ ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టవలసిన మనిషి. తర్వాత గోల్‌పోస్టుల మధ్యకు మారారు. ఆ మార్పు ఆయన జీవితాన్నీ, భారత ఫుట్‌బాల్‌నూ మలుపు తిప్పింది. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఆయన ఉన్నారు. 1960లో సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీ సాధించినప్పుడు నాయకుడు ఆయనే.

ఆయన సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలయ్యారని నాకు మొదట చెప్పింది మన డ్రిల్లు మాస్టారు. ఎనిమిదో తరగతిలో నన్ను ముందు వరుస నుంచి తీసి గోల్‌లో నిలబెట్టినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆట రానివాణ్ని గోల్‌లో పెడతారని అప్పట్లో మా అందరి నమ్మకం. మాస్టారు తిట్టలేదు, బుజ్జగించలేదు. తంగరాజ్ కథ చెప్పి, "ముందు ఆడినవాడికి ఎదుటివాడు బంతి ఎటు కొడతాడో తెలుస్తుందిరా, అందుకే నిన్ను పెట్టాను" అన్నారు. మరునాటి నుంచి బంతికి చేతులే కాక ఒంటినీ అడ్డం పెట్టడం నేర్పారు. గోల్ వదిలి ముందుకు వచ్చి ఎదుటివాడికి కనిపించే సందు ఇరుకు చేయడం, వెనకనుంచి అరిచి డిఫెండర్లను సర్దడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మెల్‌బోర్న్, రోమ్, జకార్తా

తంగరాజ్ 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్లలో ఉన్నారు. మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఇప్పటికీ అంతకు మించి వెళ్ళలేదు. రోమ్‌లో హంగేరీ చేతిలో 1-2తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేసుకుని, పెరూ చేతిలో 1-3తో ఓడారు. 1958లో ఆసియాలో ఉత్తమ గోల్‌కీపర్‌గా తంగరాజ్ పేరు ప్రకటించారు.

అది ఎలాంటి కాలమో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. గోల్‌కీపర్లకు విడిగా కోచ్ అంటూ ఉండేవాడు కాదు. వానలో తడిసిన తోలుబంతి రాయిలా బరువెక్కేది. మ్యాచ్ నడుమ ఒకరు గాయపడితే ఇంకొకరిని దింపడం చాలా పోటీల్లో కుదిరేది కాదు. ఆరడుగులు దాటిన ఎత్తు, గాలిలో వచ్చే బంతిని అందుకునే నేర్పు, మైదానం సగం దాటేలా కొట్టే కిక్ తంగరాజ్ ఆస్తులు.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ ఆయన జీవితంలో పెద్ద రోజు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి. లీగ్ దశలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన మన జట్టు ఫైనల్లో మళ్ళీ ఆ కొరియానే ఎదుర్కోవలసి వచ్చింది. జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. తంగరాజ్ ఫ్లూ నుంచి అప్పుడే తేరుకుంటున్నారు. రహీమ్ ఇద్దరినీ దింపారు. డిఫెండర్ జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు, పొడగరి తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు.

సెప్టెంబర్ 4న సెనయాన్ స్టేడియం కిటకిటలాడింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం మనమీద మండిపడుతున్నారు. మనవాళ్ళ కాలికి బంతి తగిలినప్పుడల్లా ఒకటే గోల. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు కొరియా ఒకటి తిరిగి కొట్టింది. ఆ చివరి నిమిషాలు దాటి భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు రాలేదు. ఆ ఫైనల్ ఆడిన పదకొండు మందిలో తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ మన జంటనగరాల వాళ్ళు.

కలకత్తాలో మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆయన ఆడారు. ఒకరంటే ఒకరికి పడని ఆ మూడు క్లబ్బుల అభిమానులూ మెచ్చిన ఆటగాళ్ళు అరుదు. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం పొందిన భారత జట్టులో ఉన్నారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. 1971లో ఆట చాలించారు.

కోచ్ తంగరాజ్

గోల్‌కీపర్‌కు ఆట అంతా ఎదురుగా కనిపిస్తుంది. మిగతా పదిమంది వీపులు చూస్తూ, ఎవరు ఎక్కడ ఖాళీ వదిలారో కనిపెట్టి పిలిచి సర్దడం అతని పనిలో సగం. ఆ సగం కోచ్ పనే. అందుకే మంచి కోచ్‌లైన గోల్‌కీపర్లు లోకంలో ఉన్నారు. ఇటలీ గోల్‌కీపర్ డీనో జోఫ్ నలభై ఏళ్ళ వయసులో 1982 ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు నాయకుడు. 2000లో కోచ్‌గా అదే దేశాన్ని యూరోపియన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు.

తంగరాజ్ దారి జోఫ్ దారిలా వెలుగులో సాగలేదు. గోవాలో వాస్కో క్లబ్బుకు కోచ్‌గా పనిచేశారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు నేర్పారు. తర్వాత బొకారో చేరి, ఉక్కు కర్మాగారం చుట్టూ కట్టిన ఆ పట్టణంలోని ఫుట్‌బాల్ అకాడమీకి పెద్దగా ఉన్నారు. బొకారోలో కలకత్తా మైదానం జనసందోహం ఉండదు. అక్కడ పిల్లవాడికి బంతి పట్టడం నేర్పితే మర్నాడు పత్రికలో రాదు. 2008 నవంబర్ 24న, ఇంకో నెలలో డెబ్బై మూడేళ్ళు నిండుతాయనగా, ఆ బొకారోలోనే కన్నుమూశారు.

గోల్‌కీపర్‌గా ఆయన ఏం చేశారో పుస్తకాల్లో ఉంది: సంవత్సరం, కప్పు, స్కోరు. కోచ్‌గా చేసిన పనికి అలాంటి పట్టిక లేదు. పొద్దున్నే మైదానానికి వచ్చిన పిల్లల లెక్క ఎవరు రాస్తారు? రహీమ్ సాబ్ విషయంలోనూ అంతే. జకార్తా స్వర్ణం అందరికీ తెలుసు. ఆయన ఇక్కడి కుర్రాళ్ళకు డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో ఒక టోర్నమెంటు, బలంలేని కాలితోనే ఆడాలనే షరతుతో ఇంకొకటి పెట్టిన సంగతి కొందరికే తెలుసు. ఆ స్వర్ణం వెనక ఉన్నది ఈ మైదానపు పనే. 1963 జూన్‌లో ఆయన పోయాక మన ఫుట్‌బాల్ ఎటు పోయిందో చెప్పనక్కర్లేదు. ఆటగాళ్ళు కరువై కాదు, నేర్పేవాళ్ళూ నేర్పే చోట్లూ తగ్గిపోయి ఆట పోయింది. జంటనగరాల బళ్ళలో ఎన్నిటికి ఇవాళ బంతి ఆడుకునేంత జాగా ఉంది?

మిత్రులారా, చరిత్ర వ్యాసంలో సంఘం పనుల ప్రస్తావన ఎందుకని అనుకోకండి. స్వర్ణోత్సవ కానుకగా బడికి కొత్త భవనం కట్టించాలని మనం నిశ్చయించుకున్నాం. మంచి పని, నా వంతు చందా ఇచ్చాను. దాన్ని మైదానం తూర్పు భాగంలో కట్టాలనే ప్రతిపాదన మాత్రం ఇంకోసారి ఆలోచించమని కోరుతున్నాను. ఇప్పటికే ఒక మూల వాహనాలకు పోయింది. తూర్పు భాగమూ పోతే మిగిలేది వాలీబాల్‌కు సరిపోతుంది, ఫుట్‌బాల్‌కు చాలదు. పాత భవనం మీద ఇంకో అంతస్తు వేయవచ్చునేమో మనలోని ఇంజనీర్లు చూసి చెప్పాలి. ఖర్చు కొంత పెరిగితే పంచుకుందాం.

ఇంకొక మనవి. భవనానికి దాతల పేర్లతో శిలాఫలకం ఎలాగూ ఉంటుంది. దానితో పాటు ఐదేళ్ళపాటు ఒక ఫుట్‌బాల్ కోచ్ జీతం సంఘం భరించగలిగితే, ఫలకం మీద పేరు లేకపోయినా అది నిలిచే కానుక అవుతుంది. మన ఊళ్ళో పుట్టిన తంగరాజ్ నేర్పిన ఆట బొకారో పిల్లలకు దక్కింది. మన పిల్లలకూ అలాంటి ఒకరు దక్కాలి. సర్వసభ్య సమావేశంలో ఈ రెండు మాటలూ చర్చకు వస్తాయని ఆశిస్తూ, సంఘానికి స్వర్ణోత్సవ శుభాకాంక్షలు.