హైదరాబాద్ టు డల్లాస్: దూరం ఎంత..? విమానంలో ఎన్ని గంటలు పడుతుంది..?

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నగరాల్లో డల్లాస్ ఒకటి. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, చదువుల కోసం వెళ్లే విద్యార్థులు.. ఏటా ఎంతోమంది హైదరాబాద్ నుంచి అక్కడికి వెళ్తుంటారు. మరి ఈ ప్రయాణానికి నిజంగా ఎంత టైం పడుతుంది?

శంషాబాద్ నుంచి డల్లాస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్ట్‌కు ఆకాశంలో అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ మీద మ్యాప్ చూస్తే యూరప్, అట్లాంటిక్ మీదుగా వెళ్లాలేమో అనిపిస్తుంది. కానీ గ్లోబు మీద దారం పెట్టి లాగి చూడండి.. అది ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. డల్లాస్ మనకు దాదాపు భూమికి అవతలి వైపు ఉంది మరి!

అయితే ఈ దారిలో నేరుగా వెళ్లే ఫ్లైట్ లేదు. మధ్యలో ఎక్కడో ఒకచోట విమానం మారాల్సిందే. దుబాయ్ మీదుగా అయితే మొదట 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటల లోపే. అక్కడి నుంచి డల్లాస్‌కు 12,900 కిలోమీటర్లు, దాదాపు 16 గంటలు. అంటే గాల్లోనే 20 గంటలు. దీనికి వెయిటింగ్ కలిపితే 23, 24 గంటలు మామూలే. టికెట్ చౌకగా ఉందంటే చాలాసార్లు మధ్యలో ఎనిమిది, పది గంటలు కూర్చోబెడతారు. పెద్దవాళ్లకు బుక్ చేసేటప్పుడు ధర కంటే ముందు ఇది చూడాలి. వీల్‌చెయిర్ కావాలంటే బుకింగ్‌లోనే అడగొచ్చు, దానికి అదనపు చార్జీ ఉండదు. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండటం ఇంకా ముఖ్యం. విడివిడిగా కొంటే, మొదటిది లేటై రెండోది మిస్సయినప్పుడు ఆ నష్టం మనదే.

అసలు తికమక అంతా తేదీల దగ్గరే. మన టైం డల్లాస్ కంటే పదిన్నర గంటలు ముందుంటుంది. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం వరకు పదకొండున్నర గంటలు. ఉదాహరణకు జూన్‌లో శనివారం ఉదయం 10 గంటలకు ఇక్కడ బయల్దేరి 24 గంటలు ప్రయాణిస్తే, అక్కడ దిగేది శనివారం రాత్రి 11.30కే. తిరుగు ప్రయాణంలో సీన్ రివర్స్. డల్లాస్‌లో శనివారం రాత్రి 8కి ఎక్కితే, అదే 24 గంటలకు ఇక్కడ సోమవారం ఉదయం 6.30 అవుతుంది. ఎయిర్‌పోర్ట్‌కు కారు ఆదివారమే పంపించి ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు.

వచ్చేటప్పుడు పెద్ద ఫ్లైట్ సుమారు గంట తక్కువే పడుతుంది. భూమి తిరగడం వల్ల కాదు.. పైన పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు విమానాన్ని ముందుకు తోస్తాయి.

ఇంకో విషయం. షికాగో లాంటి మరో అమెరికా నగరంలో మారేలా టికెట్ ఉంటే, ఇమ్మిగ్రేషన్ అక్కడే. సూట్‌కేసులు కూడా అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. అలాంటి చోట గంటన్నర గ్యాప్ సరిపోదు, కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి.