దస్తావేజుల నమోదు: అమెరికా కౌంటీ కచేరీల చరిత్ర

భూమి కదలదు, దానిపై హక్కు మాత్రమే చేతులు మాఱును. పశువును కొన్నవాడు దానిని తన దొడ్డికి తోలుకొనిపోవును. నగను కొన్నవాడు పెట్టెలో దాచుకొనును. పొలమును కొన్నవాడు అట్లు చేయజాలడు. అమ్మినవాడే మఱునాడు మఱియొకనికి అదే పొలమును అమ్మినచో, ఆ రెండవవానికి మొదటి విక్రయము తెలియు మార్గమేది? ఈ ప్రశ్నకు ఉత్తర అమెరికాలోని ఆంగ్ల వలసలు పదునేడవ శతాబ్దిలో కనుగొనిన సమాధానమే నేటి కౌంటీ క్లర్కు కచేరీలోని దస్తావేజుల నమోదు. ఈ పద్ధతి పుట్టుకను, నడకను పరిశీలించి, అది నిర్ణయించునది హక్కును కాదనియు, హక్కును గూర్చిన ప్రకటనను మాత్రమేననియు చూపుట మా ఉద్దేశము.

మధ్యయుగపు ఇంగ్లండులో భూమిని అప్పగించుట కన్నులకు కనబడు క్రియ. ఇచ్చువాడు ఆ నేలపై నిలిచి, సాక్షుల యెదుట ఒక మట్టిపెళ్లనో చెట్టుకొమ్మనో పుచ్చుకొనువాని చేతికిచ్చెడివాడు. ఇరుగుపొరుగుల జ్ఞాపకమే అప్పటి దస్తరము. 1536లో ఎనిమిదవ హెన్రీ కాలమున, ఒక తరగతి విక్రయ పత్రములను ఆరు నెలల లోపల వెస్టుమినిస్టరు న్యాయస్థానములలోనో, ఆ కౌంటీ అధికారుల యెదుటనో నమోదు చేయింపవలెనని శాసనమైనది. కాని భూస్వాములకు తమ వ్యవహారములు బట్టబయలగుట రుచింపలేదు. ముందు కొంతకాలమునకు కౌలుకిచ్చి, పిదప మిగిలిన హక్కును వదలుకొను రెండంచెల పత్రములను న్యాయవాదులు కల్పించిరి. కౌలునకు ఆ శాసనము వర్తింపదు గనుక రహస్యము నిలిచినది, శాసనము నిష్ఫలమైనది.

మాతృదేశమున విఫలమైన ఈ భావము వలసలలో వేరూనినది. ప్లిమత్ వలసలో 1636లోను, మాసచూసెట్సు వలసలో 1640లోను నమోదు నియమములు వెలసెను. మోసపు విక్రయములను అరికట్టుటయే తమ ఉద్దేశమని 1640 నాటి శాసనము ప్రకటించినది. నమోదు కాని పత్రము అమ్మినవానిని, అతని వారసులను బంధించునే గాని ఇతరులను బంధింపదనుట దాని సారము. తరతరముల ఇరుగుపొరుగుల జ్ఞాపకము లేని క్రొత్త నేలపై పుస్తకమే ఆ జ్ఞాపకమునకు బదులైనదని మేము తలంతుము.

నేటికిని పని తీరు ప్రధానముగ ఇదియే. అమ్మువాడు నోటరీ యెదుట తన సంతకమును అంగీకరించును. పత్రము కచేరీకి చేరిన తేది, వేళ గుర్తింపబడును. నకలు పుస్తకమున కెక్కును. అమ్మినవారి పేళ్ల సూచికలోను, కొన్నవారి పేళ్ల సూచికలోను వివరములు చేరును. ఈ పని న్యూయార్కు రాష్ట్రమున పెక్కు కౌంటీలలోను, టెక్సాసులోను కౌంటీ క్లర్కుది; మాసచూసెట్సులో రిజిస్టరు ఆఫ్ డీడ్సు అను అధికారిది. క్లర్కు పత్రపు రూపమును చూచును, రుసుము పుచ్చుకొనును. అమ్మినవానికి అమ్ముటకు హక్కున్నదా యని విచారింపడు. ఆ విచారణ కొనువాని వంతు. అతడు సూచికలను వెనుకకు తిరుగవేయుచు, ఒక్కొక్క విక్రేత ఎవరివద్ద కొనెనో గొలుసు కూర్చుకొనవలెను.

మన రిజిస్ట్రేషనుతో పోల్చినచో భేదము స్పష్టమగును. చెన్నపురి ప్రభుత్వపు 1802 నాటి రెగ్యులేషను, 1864 నాటి అఖిలభారత చట్టము మున్నగువాని తరువాత వచ్చిన 1908 చట్టమే మనకు ఆధారము. నూఱు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయము మనదేశమున రిజిస్టరు కానిదే హక్కు మాఱదు. అమెరికాలో నమోదు కాకున్నను క్రయవిక్రయదారుల నడుమ పత్రము చెల్లును. మనకడ రిజిస్టరయిన పత్రము వ్రాసిన నాటినుండియే అమలగును. అచట పెక్కు రాష్ట్రములలో మొదటి విక్రయము నెఱుగక వెలయిచ్చి కొని, ముందుగా నమోదు చేయించుకొన్న రెండవవాడే నెగ్గును. పత్రమును పెట్టెలో దాచి యూరకుండిన మొదటివాడు పొలమును పోగొట్టుకొనును.

పుస్తకము జ్ఞాపకమైనచోట పుస్తకనాశము విపత్తు. 1871 అక్టోబరులో షికాగో నగరము తగులబడినప్పుడు కుక్ కౌంటీ దస్తావేజు పుస్తకములు బూడిదయ్యెను. ప్రైవేటు సంస్థలు మూడు తమ వ్యాపారమునకై వ్రాసికొన్న సంగ్రహములను మంటలనుండి తప్పింపగలిగెను. వానిని సాక్ష్యముగా గ్రహించుటకు ఇల్లినాయి రాష్ట్రము 1872లో చట్టము చేసెను. పుస్తకములు భద్రముగ నున్నను అవి హక్కునకు పూచీపడవు. ఆ లోటు తీర్చుటకే 1876లో ఫిలడెల్ఫియాలో హక్కుల బీమా సంస్థ వెలసెను. ప్రభుత్వమే హక్కునకు పూచీపడు పద్ధతిని దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్టు టారెన్సు 1858లో నెలకొల్పెను. కుక్ కౌంటీ దానిని కొంతకాలము పాటించి 1990ల దశకమున విడిచిపెట్టెను.

తెచ్చినదానినెల్ల వ్రాసికొను పుస్తకము అన్యాయమును సైతము వ్రాసికొనును. దక్షిణ రాష్ట్రముల దస్తావేజు పుస్తకములలో పొలముల నడుమ బానిసల విక్రయములు నమోదై యున్నవి. ఉత్తర కెరొలైనాలోని బంకూంబు కౌంటీ అట్టివానిని వెలికితీసి ప్రకటించినది. నల్లవారికి అమ్మరాదను షరతులు ఇరువదవ శతాబ్దిని ఎన్నో ఇండ్ల పత్రముల కెక్కెను. 1948లో షెల్లీ వ్యాజ్యమున అత్యున్నత న్యాయస్థానము న్యాయస్థానములు వానిని అమలు పఱుపరాదనెను; 1968 చట్టము గృహవిక్రయములలో జాతిభేదమును నిషేధించెను. అయినను ఆ వాక్యములు పుటలలో నిలిచియే యున్నవి. బానిసగా అమ్ముడైన వాని పేరు మఱెచ్చటను దొరకనప్పుడు, అతనిని అమ్మిన పత్రమే అతని మనుమలకు ఆధారమగుచున్నది.

ఈ విషయము మన పరిశోధకులకును వర్తించును. సంస్కృత తామ్రశాసనములలో ఎల్లలు చెప్పుచోట దొరలు తెలుగు మాటలను మనము శ్రద్ధతో ఏఱుకొంటిమి. తామ్రశాసనము ప్రతిగ్రహీత ఇంట దాగినది. రిజిస్ట్రేషను పుస్తకము కచేరీలో అందఱిదిగ నున్నది. పొలముల పేళ్లు, కొలతలు, వృత్తులు, బంధుత్వములు, వ్రాయసగాండ్ర పలుకుబళ్లు అందు తేదీలతో సహా నిలిచి యున్నవి. హక్కు ఎవరిదో ఆ పుస్తకము తేల్చకపోవచ్చును. ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో హక్కు చెప్పుకొనిరో అది తేల్చును. భాషాచరిత్రకు గాని, సంఘచరిత్రకు గాని అంతకు మించిన సాక్షి అరుదు.