పుట్టపర్తిలో సెంటు భూమి కథ: ధర ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరికి మిగిలింది

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక సెంటు భూమి గురించి మాట్లాడుకుందాం. ఎకరాలో నూరో వంతు, 435 చదరపు అడుగుల పైచిల్లర. కూడబెట్టుకున్న నాలుగైదు లక్షలు చేతిలో పెట్టుకుని ఒక టీచరో, ఒక నేతగాడో, ఒక కిరాణా కొట్టాయనో "ఎక్కడన్నా చిన్న ప్లాటు కొనిపెడదాం" అనుకుంటారు కదా, ఆ ఆలోచన మన పుట్టపర్తి వైపు ఎట్లా పుట్టింది, దానివల్ల ఎవరు నిలబడ్డారు, ఎవరు ఇరుక్కున్నారు, అదీ ఈరోజు విషయం. "కొత్తగా మొదలుపెట్టాలి, ఎక్కడ కొనమంటారు?" అని కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు. ఎక్కడ అన్నది నేను చెప్పను. అది బ్రోకర్ పని. చరిత్ర చెబుతాను, అందులో మీకు కావలసింది ఉంది.

స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. ఇది చిత్రావతి. దీని ఒడ్డున పుట్టపర్తి. చుట్టూ గుట్టలు. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. ఇట్లాంటి చోట భూమికి ధర అంటే నీళ్ల ధరే. చెరువు కింద కయ్య ఉన్నవాడు మారాజు, గుట్ట పక్కన మెట్టచేను ఉన్నవాడు మామూలు మనిషి. అప్పుడు రోడ్డు పక్కన ఉండటం విలువ కాదు. రోడ్డే లేదు మరి.

కాగితం మాత్రం అప్పటికే వచ్చింది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పజెప్పాడు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా అనంతపురం వచ్చి 1807 దాకా ఉన్నాడు. పాలెగాళ్లను అణిచి, భూములు కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా ఒక్కో రైతు పేరునా పట్టా రాయించాడు. అదే రైత్వారీ. దాని అసలు ఉద్దేశం శిస్తు వసూలు. మీకు హక్కు ఇవ్వాలని కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మన రెవెన్యూ రికార్డు పుట్టిందే "శిస్తు ఎవడు కడతాడు" అన్న ప్రశ్నకు జవాబుగా. "యజమాని ఎవరు" అన్నది దాని వెంట వచ్చిన రెండో ప్రశ్న. ఈరోజుకీ అడంగల్‌లో పేరున్నంత మాత్రాన కోర్టు దాన్ని పూర్తి హక్కుగా తీసుకోదంటే, కారణం అక్కడుంది.

ఇప్పుడు ధర సంగతికి వద్దాం. 1950 నవంబర్ 23న ప్రశాంతి నిలయం తెరిచారు. సత్యసాయిబాబా అప్పటికి ఇరవై నాలుగేళ్ల మనిషి. భక్తులు పెనుకొండ దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణించి బస్సు, ఆపైన ఎద్దుల బండి పట్టుకునేవాళ్లు. వచ్చినవాళ్లకు తలదాచుకోవడానికి చోటు కావాలి. ఊళ్లో రియల్ ఎస్టేట్ అనేది మొదలైంది ప్లాటుతో కాదు, ఒక ఖాళీ గదితో. తర్వాత వరసగా చూడండి. 1981లో యూనివర్సిటీ, 1990లో విమానాశ్రయం, 1991లో సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, 2000లో రైల్వే స్టేషన్. మెట్టచేలు లేఅవుట్లయ్యాయి. శెనక్కాయ పండే నేలలో రాళ్లు పాతి, తెల్ల సున్నం కొట్టి, "వెంచర్" అన్నారు.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి, చాలామందికి తెలియదు. విదేశాల నుంచి వచ్చి నెలల తరబడి ఉండే భక్తులు ఇక్కడ ఆస్తి ఊరికే కొనలేరు. అప్పటి ఫెరా చట్టం ప్రకారం విదేశీ పౌరుడికి రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. 2000లో ఫెమా వచ్చాక కూడా టూరిస్టు వీసా మీద వచ్చినవాడు కొనడానికి లేదు. విదేశాల్లో ఉండే మనవాళ్లు ఇల్లు కొనుక్కోవచ్చు, పొలం మాత్రం కొనకూడదు. అంటే ఏమయ్యింది? డబ్బున్న పెద్ద గుంపు ఒకటి కొనలేక అద్దెకు దిగింది. మంచి బాత్రూము, దోమల కిటికీ, వంటకు చిన్న గట్టు ఉంటే చాలు, అద్దె వచ్చేది. నా లెక్కలో పుట్టపర్తిలో చిన్నవాళ్లు నిజంగా సంపాదించింది ఈ దారిలోనే. ఇంటి మీద మరో అంతస్తు లేపి రెండు గదులు వేసినవాళ్లు. ప్లాట్లు చేతులు మార్చి సంపాదించినవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ వాళ్ల కథలే మనకు వినపడతాయి. చివరగా కొన్నవాడు ఎప్పుడూ ఇంటర్వ్యూ ఇవ్వడు.

2011 ఏప్రిల్ 24న బాబా పోయారు. వచ్చే జనం తగ్గారు, లాడ్జీలు ఖాళీ అయ్యాయి, ప్లాట్ల బేరాలు ఆగిపోయాయి. ధర తగ్గటం ఒక ఎత్తు. కొనేవాడే లేకపోవటం ఇంకో ఎత్తు. అమ్ముదామంటే అడిగే దిక్కు లేనప్పుడు "నా ప్లాటు ఇంత" అని మనం చెప్పుకునే అంకె మన నోటిమాట మాత్రమే. అద్దె గదులవాళ్లూ దెబ్బతిన్నారు. అయితే వాళ్లకు అద్దె తగ్గించుకునే వీలుంది, స్కూలు పిల్లలకో ఆస్పత్రికి వచ్చేవాళ్లకో ఇచ్చుకునే వీలుంది. ఖాళీ ప్లాటుకి ఆ వీలు లేదు. ముళ్లచెట్లు మొలుస్తాయి, పక్కవాడు గట్టు జరుపుతాడు, అప్పు చేసి కొనుంటే వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

అదే సంవత్సరం అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తీర్పు ఇచ్చింది. జీపీఏ రాయించుకుని, అగ్రిమెంటు పట్టుకుని ఆస్తి కొన్నామంటే అది కొన్నట్టు కాదు, రిజిస్టరైన సేల్ డీడ్ ఉంటేనే హక్కు మారుతుంది అని తేల్చింది. స్టాంపు ఖర్చు మిగులుతుందని జీపీఏల మీద చేతులు మారిన ప్లాట్లు దేశమంతా ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు మన రాష్ట్రంలో ఆ ఖర్చు, అంటే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం కలిపి, సుమారు ఏడున్నర శాతం. ఐదు లక్షల మీద ముప్పై ఏడు వేల ఐదువందలు. ప్లాటు లెక్క వేసుకునేటప్పుడు దీన్ని మొదట్లోనే కలుపుకోండి.

మొన్న ఒక ప్రేక్షకుడు మెసేజ్ పెట్టారు. చిన్న ఎలక్ట్రికల్ షాపు ఆయనది. "అన్నా, ఆరు లక్షలకు పది సెంట్లు చూపిస్తున్నారు. పక్కన ప్లాటు అయితే అందులో సగం కూడా రాదు. డీకేటీ అంట, ఏం ఫర్వాలేదు అంటున్నారు. ఈసీ కూడా క్లీన్‌గా ఉంది" అని. ఆయనకు ఫోన్లో చెప్పిందే ఇక్కడ చెబుతాను, ఎందుకంటే ఆరు లక్షలు అంటే ఆ ఇంట్లో పదేళ్ల పొదుపు.

డీకేటీ అంటే దరఖాస్తు పట్టా. భూమి లేని పేదకు సాగు చేసుకొమ్మని ప్రభుత్వం ఇచ్చిన భూమి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 తర్వాత ఇచ్చిన పట్టాల్లో "అమ్మరాదు" అన్న షరతు ఉంటుంది. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, అదే 9/77, వచ్చింది. దాని ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. ప్రభుత్వం భూమిని వెనక్కి తీసుకోవచ్చు. మీరిచ్చిన డబ్బు గురించి ఎవరూ అడగరు. 2023లో ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు సడలింపు తెచ్చారు, 2024లో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపారు. ఇట్లా గవర్నమెంటు మారితే రూలు మారే భూమి, పది ఎకరాలున్న ఆసామికి జూదం కావచ్చు. ఆరు లక్షలున్నవాడికి అది ఆట కాదు. సగం ధరకు వస్తోందంటే ఆ మిగతా సగం ఎక్కడికీ పోలేదు, హక్కులో ఉంది.

ఇక "ఈసీ క్లీన్‌గా ఉంది" అన్నమాట. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. అసైన్డ్ భూమి రిజిస్ట్రేషనే కాకూడదు కాబట్టి దాని ఈసీ తెల్లగానే ఉంటుంది! ఏమీ లేకపోవడం ఇక్కడ మంచి గుర్తు కాదు. పైగా ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే, అంతకు ముందుది ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించాలి. అన్నదమ్ముల భాగాలు, నోటిమాట పంపకాలు, నడుస్తున్న కోర్టు కేసు, ఇవేవీ ఈసీలో కనపడాలని లేదు. అందుకే సర్వే నంబరు పట్టుకుని రెండు చోట్ల చూడాలి. ఒకటి, రిజిస్ట్రేషన్ శాఖవారి 22-ఏ జాబితా, అంటే నిషేధిత భూముల జాబితా. రెండు, తాలూకా ఆఫీసులో, అదే ఇప్పటి తహసీల్దారు ఆఫీసులో ఉండే ఆర్‌ఎస్‌ఆర్. బ్రిటిష్ కాలపు రీసెటిల్మెంట్ రిజిస్టర్ అది. అందులో పట్టాదారు పేరుండాల్సిన చోట కొన్ని నంబర్లకు వట్టి చుక్కలు పెట్టి వదిలేశారు. వాటినే చుక్కల భూములు అంటాం. ఆనాటి గుమాస్తా పెట్టిన చుక్క వల్ల మనవళ్లు, మునిమనవళ్లు తమ చేను అమ్ముకోలేక తిరిగారు. దీనికోసమే 2017లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

మళ్లీ ధర దగ్గరికి. 2008-09లో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ కోసం 8,844 ఎకరాలు కేటాయించారు. బెంగళూరు కొత్త విమానాశ్రయం అప్పుడే, 2008లో దేవనహళ్లిలో తెరిచారు. హైవే ఉంది, విమానాశ్రయం దగ్గర, ఇంకేం కావాలి అనిపించే వార్త. హబ్ రాలేదు. కేసులొచ్చాయి. సరిగ్గా అదే హైవే మీద, 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరింది. పెనుకొండ మండలం ఎర్రమంచి. 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. రెండు వార్తలూ పేపర్లో ఒకేలా పడ్డాయి, ఒకేలా బోర్డులు లేచాయి. ఒకటి నిజమైంది, ఒకటి కాలేదు. వార్త వచ్చిన రోజున ఏది ఏదో చిన్న మదుపరికి తెలిసే దారి లేదు. తెలిసినవాళ్లు ఆ వార్త రాకముందే కొనేసి ఉంటారు, మనకు అమ్మేది వాళ్లే.

కియా వచ్చాక కూడా చూడండి, పెనుకొండలో కొరియా అక్షరాల బోర్డులు పెట్టిన హోటళ్లు, ఉద్యోగులకు అద్దె ఇళ్లు, అవి నడిచాయి. ఫ్యాక్టరీకి పాతిక కిలోమీటర్ల అవతల "కియా దగ్గర్లో" అని వేసిన వెంచర్లలో ఎంతమంది ఇల్లు కట్టుకున్నారో మీరే ఒకసారి బండేసుకుని చూసి రండి.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. హిందూపురంవాళ్లు మాకే కావాలని ఆందోళన చేశారు, బాలకృష్ణ దీక్ష కూడా చేశారు. వాళ్ల బాధలో భూమి ధర బాధ కొంత ఉందనే నా అనుమానం! కలెక్టరేటు ఎటు పోతే సెంటు ధర అటు పోతుంది. పుట్టపర్తికి మళ్లీ అద్దెకుండే జనం వచ్చారు. ఈసారి భక్తులతో పాటు గుమాస్తాలు, ఇంజనీర్లు, కానిస్టేబుళ్లు. వీళ్లు జీతం తీసుకునేవాళ్లు, అద్దె గీచిగీచి బేరమాడతారు.

ఉదాహరణకి లెక్క వేద్దాం. స్థలం, కట్టుబడి కలిపి ఇరవై లక్షల ఇల్లు, నెలకు ఆరు వేల అద్దె అనుకోండి. ఏడాదికి డెబ్బై రెండు వేలు, మూడున్నర శాతం పైచిల్లర. అందులో రంగులు, మోటారు రిపేరు, ఇంటిపన్ను, మధ్యలో రెండు నెలలు ఖాళీ పోతే మూడు కూడా మిగలదు. బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసినా ఇంతకంటే ఎక్కువ వస్తుంది. అప్పు తెచ్చి చేస్తే వడ్డీకే చాలదు. అదే సొంత ఇంటి మీద ఏడు లక్షల్లో ఒక వాటా లేపి నాలుగు వేలకు ఇస్తే, ఏడాదికి నలభై ఎనిమిది వేలు, దాదాపు ఏడు శాతం, ఎందుకంటే స్థలం ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు, టైటిల్ భయం లేదు. మేడ మీద మేడకు ప్లాన్ అప్రూవల్, పునాది బలం చూసుకోవాలి, అంతే. పుట్టపర్తి పాతకాలపువాళ్లు చేసింది ఇదే లెక్క, కాగితం మీద వేసుకోకుండా.

ధర్మవరంలో ఇంకా పాత పద్ధతి ఒకటి ఉంది. అద్దెకు ఇల్లు చూడ్డానికి వచ్చిన నేతగాడు వంటిల్లు తర్వాత చూస్తాడు, ముందు గుంట మగ్గానికి చోటు ఉందా, వెలుతురు పడుతుందా అని చూస్తాడు. మగ్గం పడితే ఊరికే ఖాళీ చేసి పోడు. ఇల్లు కట్టేవాడూ అది తెలిసే కట్టేవాడు. మరమగ్గాలొచ్చి ఆ లెక్క ఎట్లా తారుమారు చేశాయో, ఆ ఇళ్లు ఇప్పుడేమయ్యాయో వచ్చే ఎపిసోడ్‌లో ధర్మవరం వీధుల్లోకే వెళ్లి చూద్దాం. ఉంటానండీ.