ఆరేండ్ల సేద్యానికి సాక్షి ఎవరు?

1948 జనవరి 1కి ముందు వరసగా ఆరేండ్లు ఈ చెలక ఎవరు దున్నారు? నల్లగొండలో వకీలుగా నేను మోసిన భూమి కేసుల కట్టల్లో మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్న ఇది. ప్రశ్న చిన్నదే. ఊళ్లో పసుల కాపరిని అడిగినా జవాబు చెప్పగలడు. ఆ జవాబు సర్కారు కాగితం మీదికి ఎక్కడానికి పడ్డ పాట్లే దక్షిణ తెలంగాణ భూమి చరిత్రలో సగమని నా నమ్మకం.

హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 1950 జూన్ 10న అమలులోకి వచ్చింది. అందులో చెప్పిన లెక్కల ప్రకారం ఆరేండ్లు దున్నినట్టు తేలినవాడు రక్షిత కౌలుదారు. అతన్ని నోటిమాటతో వెళ్లగొట్టడానికి వీల్లేదు. ఆ ఏడాదే వెల్లోడి ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు పాలమూరు బిడ్డ, పైగా పేరున్న వకీలు. చట్టం రాతలో నాకు పెద్ద లోటు కనిపించదు. ఎవరు దున్నారో తేల్చే పని మాత్రం తహసీల్దారుది.

తహసీల్దారుకు అధికారాలు తక్కువేం లేవు. 1317 ఫస్లీ, అంటే 1907 నాటి భూమిశిస్తు చట్టం నుంచే విచారణ చేసే అధికారి ఎవరినైనా సమను పంపి పిలిపించవచ్చు, ప్రమాణం చేయించి బయాను రాసుకోవచ్చు, పహాణీలు తెమ్మని పట్వారీకి హుకుం ఇవ్వవచ్చు. సమను అందుకుని రానివాడి మీద, వచ్చి ప్రమాణానికి ఒప్పుకోనివాడి మీద కేసు పెట్టవచ్చు. ఈనాడు సమాచార కమిషన్‌కైనా, మానవ హక్కుల కమిషన్‌కైనా చట్టం ఇచ్చిన సివిల్ కోర్టు అధికారాలు ఇవే: మనిషిని రప్పించడం, ప్రమాణం చేయించడం, కాగితం బయటికి తీయించడం.

ఆ సమను ఇంటి ముందుకు తెచ్చేది ఎవరు? ఊరి మస్కూరి. నిన్నటిదాకా గడీలో వెట్టికి రమ్మని కేకేసిన గొంతు కూడా అతనిదే. సర్కారు పిలుస్తున్నదన్నా, దొర పిలుస్తున్నాడన్నా, గుడిసెలో ఉన్నవాడి గుండె ఒక్కలాగే జారేది.

అప్పటి భూమి లెక్కలు గుర్తు చేసుకుంటే ఆ భయం అర్థమవుతుంది. విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డి పెత్తనం కింద అరవై ఊళ్లు. విసునూరు ఉన్న జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉండేది. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి భూములు లక్షన్నర ఎకరాలని పోరాట చరిత్ర రాసినవాళ్లు లెక్క చెప్పారు. పాలమూరు వైపు వనపర్తి, గద్వాల, కొల్లాపురం సంస్థానాలు. కౌలుకిచ్చినా పాలుకిచ్చినా కాగితం రాసేవాళ్లు అరుదు, రసీదు ఇచ్చేవాళ్లు అంతకన్నా అరుదు. పహాణీలో ఎవరి పేరు ఎక్కాలన్నది పట్వారీ కలం చేతిలో ఉండేది, పట్వారీ దొర మాట దాటేవాడు కాదు. ఇక దున్నినవాడికి మిగిలిన ఆధారం పక్క చెలకవాడి నోరొక్కటే.

ఆ నోరు పెగలాల్సిన కాలం ఎలాంటిది? 1950-51లో ఈ విచారణలు సాగుతున్నప్పుడు సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. దాన్ని విరమించింది 1951 అక్టోబరులో. అప్పటిదాకా పోరాటం నడిచిన తాలూకాల్లో ఊరి పక్కనే పోలీసు క్యాంపులు. దొర భూమి మీద హక్కు ఉందన్నవాడికీ, అతని తరఫున సాక్ష్యం పలికినవాడికీ పోరాటం నడిపే సంఘపోడనే ముద్ర పడటం ఎంతసేపు? తహసీల్దారు ఊరికొస్తే దిగేది పటేలు ఇంట్లోనో, గడీలోనో. భోజనం అక్కడే, విచారణ కూడా అక్కడే.

ఎనభైల్లో దేవరకొండ వైపు నుంచి ఒక ముసలాయనను మా పక్షాన సాక్షిగా నిలబెట్టాను. ఏ ఫస్లీలో చూశావని అవతలి వకీలు గద్దించి అడిగాడు. 'ఫస్లీలు నాకెర్కలేదు సారూ. నా పెద్దబిడ్డ పుట్టిన యాడాది ఆయన గా చెల్కల అరక గట్టిండు. రజాకార్ల లొల్లి నాటికి బిడ్డ మేకలు గాసే ఈడుకొచ్చింది. అప్పటిదాంక ఆయన్నే దున్నిండు' అన్నాడు. చట్టం అడిగిన ఆరేండ్లకు ఇంతకన్నా నిక్కమైన లెక్క నేను ఏ కాగితంలోనూ చూడలేదు. అవతలి వకీలు వదలలేదు. 'మరి నాడు తహసీల్దారు అడిగితే ఎందుకు చెప్పలేదు తాతా?' ముసలాయన తడుముకోకుండా చెప్పాడు: 'గప్పుడు తాసిల్దారు అరుగు మీద కూసున్నడు, దొర గాయిన పక్కన్నే కూసున్నడు. నేను కింద నిలవడ్డ. ఏమని చెప్పుదు?'

సమను అతన్ని అరుగు దాకా తెచ్చింది. అక్కడ దొరను పక్కకు లేపే పని చట్టంలో ఎవరికీ అప్పగించలేదు. సాక్షిని రప్పించే అధికారం ఎంత ఉన్నా, విచారణ ఎవరి ఇంటి ముందు జరుగుతుందన్నదే బయానును నిర్ణయించింది. మన భూసంస్కరణల మీద వచ్చిన రాతల్లో సీలింగుల గురించి, పట్టాల గురించి ఎంతో ఉంది. ఈ అరుగు గురించి చాలా తక్కువ ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

రక్షిత కౌలుదారుల రిజిస్టరులో పేరెక్కినవాళ్ల కథ కూడా అక్కడితో తీరలేదు. కౌలుదారు తన హక్కును తానే వదులుకోవచ్చని కౌలుదారీ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. అయితే అతను రాతపూర్వకంగా ఇవ్వాలి, తహసీల్దారు ఎదుట ఒప్పుకోవాలి, అది మనస్ఫూర్తిగా చేసినదని తహసీల్దారుకు నమ్మకం కుదరాలి. జనం దాన్ని రాజీనామా అనేవారు. అధికారి నోరు తెరిచి అడగాల్సిన ఘట్టం ఇదే. నేను తిరగేసిన ఒక కట్టలో రాజీనామాలన్నీ ఒకే చేతిరాత, ఒకే తేదీ. ఊదా సిరా వేలిముద్రలు, వాటి పక్కన సాక్షులుగా మాలీపటేలు, పోలీసుపటేలు. అడుగున తస్దీఖ్ చేసినట్టు ఒక వాక్యం, సంతకం. ఎందుకు వదులుకుంటున్నావన్న ప్రశ్న లేదు, జవాబూ లేదు. ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో హైదరాబాదు భూసంస్కరణల ఫలితాలను ఊరూరా సర్వే చేయించి 1958లో పుస్తకం వేశారు. 1951లో నమోదైన రక్షిత కౌలుదారుల్లో నాలుగేండ్లకే సగం కన్నా తక్కువ మంది ఆ హోదాలో మిగిలారని అందులో తేలింది. కొందరు భూమి కొనుక్కున్నారు. అయిదింట ఒక వంతుకు పైగా అక్రమంగా వెళ్లగొట్టబడ్డారు. మరో ఆరింట ఒక వంతు 'ఇష్టపూర్వకంగా' వదులుకున్నవాళ్లు. ఆ ఊదా వేలిముద్రలు చూశాక ఆ ఇష్టాన్ని నేను ఇష్టమని ఒప్పుకోలేను.

ఇంకో తీరుగా చేయవచ్చని పశ్చిమ బెంగాల్ చూపించింది. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాలో అధికారులు భూస్వామి ఇంటికి పోవడం మానేశారు. పాలుకు దున్నే బర్గాదారులు ఉండే చోటే సాయంత్రాలు క్యాంపులు పెట్టి, వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు. తర్వాత పొలానికి పోయి అందరి ముందూ ఎవరు దున్నుతున్నారని అడిగారు. పది లక్షలకు పైగా బర్గాదారుల పేర్లు రికార్డుకెక్కాయి.

మా దగ్గర రెండో అవకాశం ఆలస్యంగా వచ్చింది. సర్కారు నోటిఫికేషన్‌తో 1973 జనవరి 1 నుంచి అదే కౌలుదారీ చట్టంలోని 38-ఇ సెక్షన్ మా జిల్లాలకు వర్తించి, రక్షిత కౌలుదారుకు భూమి మీద యాజమాన్యమే దక్కింది. 1979 సవరణ వచ్చాక, అక్రమంగా వెళ్లగొట్టబడినవాడు కూడా భూమిలో ఉన్నట్టే లెక్క. ఉట్నూరు తహసీల్దారు మీద సదా వేసిన కేసులో 1987లో హైకోర్టు ఫుల్ బెంచి ఇంకా తేటగా చెప్పింది: కౌలును చట్టప్రకారం రద్దు చేయకపోతే, నోటిఫికేషన్ నాటికి మనిషి భూమి మీద లేకపోయినా హక్కు పోదు. ఆ తీర్పుతో పాత రాజీనామాల తగాదాకు మళ్లీ ప్రాణం పోసినట్టయింది. నాడు తహసీల్దారు నిజంగా అడిగాడా లేదా అన్నదాని మీద ఎకరాలకెకరాలు ఆధారపడ్డాయి. ముప్పై ఏండ్లకు పైగా కిందట అరుగు కింద నిలబడ్డవాళ్లకు మళ్లీ సమన్లు పోయాయి. ఈసారి బోనులో దొర పక్కన లేడు. చాలామంది చెప్పారు. చెప్పాల్సినవాళ్లు అప్పటికే ఎందరో పోయారు.

2020 భూహక్కుల చట్టం, ధరణి పోర్టల్ వచ్చాక తహసీల్దారు దగ్గరి రెవెన్యూ కోర్టులు రద్దయినాయి. 2025లో భూభారతి చట్టంతో అప్పీళ్లకు మళ్లీ దారి తెరిచారు. ఆ జూన్‌లో రెవెన్యూ సదస్సులు ఊళ్లలోకే వచ్చాయి. అది మంచి మాటే. కానీ 1945లో ఇరవై ఏండ్ల వయసున్నవాడు ఈనాడు ఉంటే నూరేండ్లు నిండినవాడు. ఆ ఆరేండ్లను కండ్లారా చూసిన సాక్షిని ఇక ఏ సమనూ రప్పించలేదు. కంప్యూటరులోకి ఎక్కింది పహాణీ కాలమ్‌లే. ప్రమాణం మీద పలికిన మాటలు పాత తహసీలు బస్తాల్లో చెదల పాలవుతున్నాయి. రక్షిత కౌలుదారు రిజిస్టర్లతో పాటు ఆనాటి బయానులు, రాజీనామాలు, వాటి మీది ఉత్తర్వులు మండలాలవారీగా స్కాన్ చేయించి, దున్నినవాళ్ల మనుమలు అడిగితే నకలు ఇచ్చే ఏర్పాటు ఈ సర్కారు ఇప్పుడే చేయాలి.