పదివేలలో ఎనిమిది

న్యూజెర్సీలో మందుల షాపు కౌంటరు వెనక ఫార్మసిస్టుగా ఏళ్ళ తరబడి నిలబడిన నాకు, ముట్లుడిగిన ఆడవాళ్ళకిచ్చే హార్మోన్ల గొడవంతా 1985 అక్టోబర్ 24 నాటి ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ సంచికలోనే ఉందనిపిస్తుంది. అందులో రెండు వ్యాసాలు వచ్చాయి. 32,317 మంది నర్సుల లెక్క ప్రకారం, ఈస్ట్రోజెన్ మింగుతున్నవాళ్ళలో గుండెజబ్బు మూడోవంతుకి పడిపోయింది. ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 1,234 మందిని గమనించినవాళ్ళ లెక్కలో మాత్రం గుండె, రక్తనాళాల జబ్బులు యాభై శాతానికి పైగా పెరిగాయి. రెండూ మసాచుసెట్స్ రాష్ట్రం నుంచి వచ్చిన పరిశోధనలే. చదివిన డాక్టరు ఏ పేజీ నమ్మాలి? ఎక్కువమంది నర్సుల పేజీ నమ్మారు. వినడానికి అదే బాగుంది మరి.

ఆ నమ్మకం అప్పటికప్పుడు పుట్టింది కాదు. 1930లలో మాంట్రియల్‌లో, ఇన్సులిన్ కథలో పేరు వినిపించే జేమ్స్ కాలిప్, గర్భిణుల మూత్రం నుంచి ఈ హార్మోను తీశాడు. తరవాత కంపెనీవాళ్ళ చూపు చూడి గుర్రాల మీద పడింది. 1942లో అమెరికాలో అనుమతి పొందిన ప్రెమరిన్ అలా వచ్చిందే. మన వైపు నుంచి పిల్లల దగ్గరికొచ్చిన ఒక పెద్దావిడ, ఇది దేన్నుంచి తీస్తారమ్మా అని అడిగితే ఉన్నమాట చెప్పాను. సీసా కౌంటరు మీదే వదిలేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

1966లో రాబర్ట్ విల్సన్ అనే న్యూయార్క్ గైనకాలజిస్టు ‘ఫెమినైన్ ఫరెవర్’ పుస్తకం రాశాడు. ముట్లు ఆగడం వయసుతో వచ్చే మార్పు కాదు, షుగరు జబ్బులాంటి లోపమేనని ఆయన వాదం. మందు కంపెనీయే ఖర్చులు భరించిందని 2002లో ఆయన కొడుకే బయటపెట్టాడు. పుస్తకం మాత్రం విపరీతంగా అమ్ముడైంది.

1975 డిసెంబరులో తొలి దెబ్బ తగిలింది. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్ళకి గర్భసంచి లోపొర క్యాన్సరు ముప్పు 4.5 రెట్లని సియాటిల్ డాక్టర్లు, 7.6 రెట్లని లాస్ ఏంజెలెస్ డాక్టర్లు రాశారు. అమ్మకాలు పడిపోయాయి. అయితే దీనికి విరుగుడు దొరికింది: ప్రొజెస్టిన్ కలిపి ఇస్తే ఆ లోపొర అదుపులో ఉంటుంది. మళ్ళీ చీటీలు మొదలు. 1990లలో నేను రోజూ లెక్కపెట్టి ఇచ్చిన మాత్రల్లో ఇవి చాలా ఎక్కువ. ఆవిర్లకి కాదు, గుండెకని రాసేవారు. నాకు ఎప్పుడూ మింగుడుపడనిది అదే. నర్సుల అధ్యయనంలో మాత్రలు మింగినవాళ్ళు, మింగనివాళ్ళు ఒకే రకం మనుషులు కారు. క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళే స్త్రీ ఆరోగ్యం ముందునుంచే మెరుగు.

ఆ అనుమానం తీర్చడానికే, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకి తొలి మహిళా డైరెక్టరైన బర్నడీన్ హీలీ 1991లో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ మొదలుపెట్టించారు. అందులో 16,608 మందికి చీటీ వేసినట్టు పంచి, సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చారు. 2002 జులై 9న గడువుకి ముందే ఆపేశామని ప్రకటించారు.

ఆ వారం షాపులో ఫోను దించితే ఒట్టు. రొమ్ము క్యాన్సరు 26 శాతం పెరిగిందని పేపర్లు రాశాయి. అదే లెక్క ఇంకోలా చెప్పొచ్చు: పదివేల మంది ఏడాది పాటు ఉత్త మాత్ర వేసుకుంటే 30 మందికి, అసలు మాత్ర వేసుకుంటే 38 మందికి. ఎనిమిది మంది ఎక్కువ. తుంటి ఎముక విరగడం అయిదు తక్కువ. కౌంటరు మీద కాగితం పెట్టి ఎందరికి రాసి చూపించానో! కొందరు మానేశారు. ఆవిర్లతో రాత్రంతా నిద్రలేని ఒకామె మాత్రం, ఎనిమిదేగా, ఇవ్వమంది. ఇద్దరిదీ తప్పనను. నాకు కోపం వచ్చింది ఇంకో విషయానికి. పరీక్షలో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. చీటీ పట్టుకుని నా ముందు నిలబడింది యాభై ఏళ్ళ మనిషి. ముట్లు ఆగిన పదేళ్ళలోపు మొదలుపెట్టినవాళ్ళ లెక్క వేరుగా ఉండొచ్చని అదే పరిశోధకులు 2007లో విడమరిచారు. అప్పటికి ఆ భయం సముద్రాలు దాటింది.

మా అక్కకి గుంటూరు జిల్లాలో ముప్పై నాలుగేళ్ళకే గర్భసంచి తీసేశారు, అండాశయాలతో సహా. మన దగ్గర ఇదేమీ అరుదు కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు దేశమంతటా 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అంత చిన్న వయసులో అండాశయాలు పోతే, వేరే అడ్డంకి లేనప్పుడు, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలన్నది వైద్య సంఘాలు చాలావరకు ఒప్పుకునే మాట. అక్కకి కాల్షియం బిళ్ళలు రాశారు. హార్మోన్ సంగతి అడిగితే, ‘వద్దమ్మా, క్యాన్సరొస్తుంది’ అన్నారట.

2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ మందుల వివరపత్రాల్లోని గుండెజబ్బు, రొమ్ము క్యాన్సరు, మతిమరుపు జబ్బుల నల్లగీతల హెచ్చరికలు తీసేయిస్తామంది. ఈస్ట్రోజెన్ ఒక్కటే ఉన్న మాత్రల మీద మాత్రం గర్భసంచి లోపొర క్యాన్సరు హెచ్చరిక ఉంచింది, 1975లో తేలినదే. మా అక్కకి వర్తించనిది ఆ ఒక్కటే.